వేదిక కొందరికి, ఊరేగింపు కొందరికి

ఏ ప్రభుత్వ ఉత్సవమైనా చూడండి. ముఖ్య అతిథి కారు దిగే చోట డప్పులు, కోలాటం, గుస్సాడీ, లంబాడీ నృత్యం ఉంటాయి. మండుటెండలో, తారు రోడ్డు మీద, అతిథి ఎప్పుడొస్తే అప్పటిదాకా ఆడుతూనే ఉండాలి. ఆయన లోపలికెళ్లి జ్యోతి వెలిగించాక ఏసీ హాల్లో కూచిపూడి మొదలవుతుంది. నర్తకి పేరు, గురువు పేరు, అంశం పేరు మైకులో చెబుతారు. బయట ఆడినవాళ్ల పేర్లు ఎవరూ చదవరు. ఇది తప్పని ఎవరికీ అనిపించకపోవడమే నన్ను ఎక్కువ బాధిస్తోంది. తెలుగు నాట్యాన్ని శాస్త్రీయం, జానపదం అని చీల్చిన ఈ విభజనకు కళలో ఆధారం లేదు. ఉన్నదంతా అకాడమీల ఫైళ్లలోనే ఉంది. దాన్ని అక్కడి నుంచి కొట్టేయాలి.

కూచిపూడి మీద నాకు కోపం లేదు. ఆ కళ కూడా ఒకప్పుడు ఇదే గుమ్మం ముందు నిలబడింది. 1958లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో నృత్య సదస్సు పెట్టినప్పుడు, కూచిపూడి శాస్త్రీయమేనా అన్నదే పెద్ద వాదమైంది. మనవాళ్లు మరుసటి ఏడాది హైదరాబాద్‌లో సదస్సు పెట్టి, శాస్త్రీయమేనని గట్టిగా వాదించాల్సి వచ్చింది. 1963లో కూచిపూడి గురువు వెంపటి చినసత్యం మద్రాసులో అకాడమీ పెట్టారు. ఊరూరా తిరిగి ఆడే భాగవత మేళాల (బృందాల) ఆట సభలకు తగ్గట్టు మారింది. ఆ మార్పు గొప్పదే. కానీ అప్పుడు మనం అడగని ప్రశ్న ఒకటుంది. ఇదే కుటుంబానికి చెందిన మిగతా కళల సంగతేమిటి?

చిందు యక్షగానాన్ని చూడండి. తెలంగాణ పల్లెల్లో మాదిగలను ఆశ్రయించి బతికే చిందు కులంవాళ్ల ఆట ఇది. ముఖానికి అర్దళం అనే పసుపు రంగు పూసుకుని, తేలికైన పొణికి కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు కట్టుకుని, ప్రవేశ దరువుతో, అంటే తనను పరిచయం చేసే పాటతో, పాత్ర తెర దాటి వస్తుంది. కూచిపూడి భాగవతుల పాత నగలూ ఆ పొణికి కర్రవే. అక్కడా దరువులే, ఇక్కడా దరువులే. రెండూ పాటా ఆటా కలిసిన నాటకమైన యక్షగానం కొమ్మలే. తేడా ఎక్కడుందంటే, కూచిపూడి మేళాల్లో ఆడవాళ్లను గజ్జె కట్టనివ్వని రోజుల్లో మగవాళ్లే సత్యభామ వేషం కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. అదే కాలంలో చిందు మేళాల్లో ఇంటి ఆడవాళ్లు దర్జాగా వేషం కట్టారు. నిజామాబాద్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ ఆడవేషాలే కాదు, మగవేషాలూ కట్టి జనాన్ని రాత్రంతా కూర్చోబెట్టింది. స్త్రీలు రంగస్థలం ఎక్కిన చరిత్ర రాసేటప్పుడు ఈ మాట మొదటి పేజీలో ఉండాలి. ఎక్కడుంది?

(గుళ్లలో ఆడిపాడిన కళావంతుల సంగతి వేరే వ్యాసమే అవుతుంది. 1947 మద్రాసు చట్టం దేవదాసీ దురాచారాన్ని ఆపింది. ఆపాల్సిందే. కానీ భామాకలాపం, గొల్లకలాపం నోటికి వచ్చిన ఆ స్త్రీలకు గురుపీఠం ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.)

శాస్త్రం కావాలంటారా? జాయప సేనాని కంటే పెద్ద సాక్షి తెలుగు నేలకు లేడు. కాకతీయ గణపతిదేవుడి గజ సేనాధిపతి ఆయన. 13వ శతాబ్దంలో రాసిన ‘నృత్త రత్నావళి’లో 8 అధ్యాయాలుంటే మొదటి 4 శాస్త్ర నియమాలతో నడిచే మార్గ నాట్యానికిచ్చి, మిగతా 4 ఆయా ప్రాంతాల జనం ఆడే దేశి నాట్యానికిచ్చాడు. సరిగ్గా సగం. రాసకం, చర్చరి, కర్రలతో ఆడే దండరాసకం అన్నిటికీ లక్షణాలు చెప్పాడు. ఇవాళ కాకతీయ వైభవమని మనం గర్వంగా చెప్పుకునే వీరుల నృత్యం పేరిణి ఉన్నది ఎక్కడో తెలుసా? ఆ దేశి భాగంలో! నాట్య గురువు నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలనూ దగ్గర పెట్టుకుని పేరిణిని మళ్లీ నిలబెట్టారు. అంటే, పుస్తకంలోంచి తీసి నిలబెట్టిన దేశి నాట్యానికి మర్యాద దక్కింది. పుస్తకం అక్కర్లేకుండా ఇప్పటికీ మనుషుల ఒంట్లో బతికున్న దేశి నాట్యానికి మాత్రం రోడ్డు దిక్కయింది.

శాస్త్రీయ నృత్యానికి కట్టుదిట్టమైన అడుగులున్నాయని, ఏళ్ల తరబడి సాధన కావాలని, రెంటినీ కలిపేస్తే రెండూ చెడతాయని పెద్దలంటారు. సాధన విలువ నేనూ ఒప్పుకుంటాను. అయితే ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు ఒకసారి దగ్గర నుంచి చూడండి. గుండె మీద తప్పెట కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, ఎగురుతూ, వెనక్కి వంగుతూ, పాట తప్పకుండా పాడతారు. ఊపిరీ తాళమూ ఒక్కటైతే తప్ప అది సాధ్యం కాదు. అది చిన్నప్పటి నుంచి చేసిన సాధన కాకపోతే మరేమిటి?

పద్మశ్రీలు ఇస్తున్నాం కదా అనేది ఇంకో జవాబు. 2021లో గుస్సాడీ కనకరాజుకు, 2024లో చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు వచ్చాయి. సంతోషం. కానీ అవార్డు ఒక మనిషికి దక్కుతుంది, కళ బతకాలంటే మేళం మొత్తం బతకాలి. పైగా గుస్సాడీ అంటే గోండులు దీపావళికి దండారి అనే నృత్య బృందంతో ఊరూరా తిరిగే దీక్ష. నెమలి ఈకల టోపీకి పూజ చేసి పెట్టుకుంటారు, దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. అలాంటిదాన్ని ఏ నెలలో పడితే ఆ నెలలో స్వాగతాలకు ఆడించడం గౌరవం ఎలా అవుతుంది?

అసలు రోగం నాట్యం దగ్గర ఆగదు. సర్టిఫికెట్ లేని విద్యను విద్యగా లెక్కపెట్టకపోవడం మన చదువులకు పట్టిన చీడ. మగ్గం ఎక్కకముందే డిజైనంతా మనసులో లెక్కగట్టి రంగు అంటకూడని చోట నూలుకు చిటికి (ముడి) కట్టే పోచంపల్లి నేత కార్మికుడు డిజైన్ కాలేజీలో పాఠం చెప్పలేడు. తెల్ల పొణికిలోంచి దశావతారాలు తీసే కొండపల్లి కళాకారుడికి శిల్పకళా విభాగంలో కుర్చీ ఉండదు. చిందు మీద పరిశోధన చేసినవాళ్లకు ఉద్యోగం వస్తుంది, వాళ్లకు విషయమంతా చెప్పిన చిందు మనిషి కూలికి పోతాడు. వందల ఏళ్లుగా కులం పేరుతో చదువు ఇవ్వకుండా, ఇప్పుడు చదువు లేదనే సాకుతో ఉద్యోగం ఇవ్వకపోవడం రెండోసారి చేస్తున్న అన్యాయం.

కాబట్టి సంగీత నృత్య కళాశాలల్లో చిందు, తప్పెటగుళ్లు, వీరనాట్యం గురువులను డిగ్రీ అడగకుండా తీసుకోవాలి. గౌరవ వేతనం మీద కాదు, పూర్తి జీతం మీద. ఏ వేదిక మీదైనా కూచిపూడి బృందానికి ఇచ్చే పారితోషికమే వీళ్లకూ ఇవ్వాలి. చిందు మేళాలకు తరతరాలుగా హక్కున్న ఊళ్లు ఉన్నాయి. ఆ ఊళ్లలో ఏటా తెల్లవార్లూ పూర్తి ఆట ఆడేందుకు డబ్బు నేరుగా మేళానికే అందాలి. సాంస్కృతిక శాఖ మొదట చేయాల్సిన పని ఇదే, వచ్చే బడ్జెట్‌లోనే చేయొచ్చు.