దిర్హమ్ మన పాత రూపాయే

2025 డిసెంబరులో రూపాయి డాలరుకు 90 దాటింది. దాంతో దుబాయి నుంచి ఇంటికి డబ్బు పంపేవాళ్లకు ఒక దిర్హమ్‌కు దాదాపు 24 రూపాయల 50 పైసలు పడ్డాయి. 1966 వేసవి దాకా దుబాయిలోనూ ఇక్కడా చెలామణి అయింది రూపాయే, మారకం ఒకటికి ఒకటి. ఇంత తేడా ఎలా వచ్చిందంటే ‘వాళ్లకు ఆయిల్ ఉంది, మనకు లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. అది సగం నిజమే.

బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ కువైట్, బహ్రెయిన్, ఖతార్, ఇప్పటి యూఏఈ ప్రాంతాల్లో చెల్లింది భారత రూపాయే. దీనికి చిక్కు తెచ్చింది బంగారం. బయటి ప్రపంచంలో ఔన్సు 35 డాలర్లు. దిగుమతులపై ఆంక్షల వల్ల మన దగ్గర ధర దానికి ఒకటిన్నర రెట్లు పైనే. దుబాయి నుంచి పడవల్లో బంగారం వచ్చేది, ఇక్కడి నోట్లు అటు వెళ్లేవి. అక్కడి బ్యాంకులు ఆ నోట్లను రిజర్వ్ బ్యాంకుకు తెచ్చిచ్చి, బదులుగా పౌండ్లు తీసుకునేవి. అంటే దొంగ బంగారానికి మన విదేశీ మారక నిల్వలే చెల్లింపు చేసేవన్నమాట! అందుకే 1959లో గల్ఫ్ కోసం రిజర్వ్ బ్యాంకు విడిగా నోట్లు ముద్రించింది. రంగు వేరు, నంబరు ముందు ‘జెడ్’ అక్షరం. విలువ మాత్రం మన రూపాయితో సమానం.

కువైట్ ముందే జాగ్రత్తపడి 1961లో సొంత దీనారు తెచ్చుకుంది. పదమూడు రూపాయల ముప్పై మూడు పైసలకు ఒక దీనారు. 1965లో బహ్రెయిన్ పది రూపాయలకు ఒక దీనారు లెక్కన మారింది. ఖతార్, దుబాయి కూడా 1966 మార్చిలోనే ఉమ్మడి కరెన్సీకి ఒప్పందం రాసుకున్నాయి గానీ, నోట్లు ఇంకా చేతికి రాలేదు.

ఈలోపు జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి చేరింది. కరువు, యుద్ధ ఖర్చు, సాయం ఇచ్చే దేశాల ఒత్తిడి ఢిల్లీ కారణాలు. ఆ లెక్కల్లో గల్ఫ్ వ్యాపారి లేడు. అయినా అతని పెట్టెలోని నోట్ల విలువ రాత్రికి రాత్రి మూడో వంతుకు పైగా కరిగిపోయింది. ఖతార్, దుబాయి కొన్నాళ్లు సౌదీ రియాళ్లతో నెట్టుకొచ్చి, ఆ సెప్టెంబరులో సొంత రియాలు విడుదల చేశాయి. అబుదాబి బహ్రెయిన్ దీనారుకు మారింది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ కొత్త రియాలుకు పెట్టిన విలువ, తగ్గింపునకు ముందు మన రూపాయికున్న విలువే. 1973లో యూఏఈ దిర్హమ్ వచ్చింది ఆ రియాలు స్థానంలోనే, ఒకటికి ఒకటి చొప్పున. కాబట్టి దిర్హమ్ అంటే నెహ్రూ కాలం నాటి రూపాయి పేరు మార్చుకుని బతకడమే. అప్పట్లో డాలరుకు 4.76 అయితే, ఇప్పుడు 3.6725. డాలరే తగ్గిన 1970ల్లో అది కాస్త బలపడింది కూడా.

1997 నుంచి ఆ 3.6725 కదల్లేదు. అంటే రూపాయి-దిర్హమ్ రేటు అని మనం చూసేది నిజానికి రూపాయి-డాలరు రేటే. 1993లో ఎనిమిదిన్నర, 2013 ఆగస్టులో పద్దెనిమిది దాటడం, 2025 డిసెంబరులో ఇరవై నాలుగున్నర, అన్నీ ఇటువైపు కదలికలే. 2023 జులైలో రెండు దేశాల కేంద్ర బ్యాంకులు సొంత కరెన్సీల్లో చెల్లింపులకు ఒప్పందం చేసుకున్నాయి. మరుసటి నెల ఇండియన్ ఆయిల్, అబుదాబి ముడి చమురుకు రూపాయల్లోనే చెల్లించింది. మంచిదే, కానీ రేటు లెక్కలోంచి డాలరు పోలేదు.

మరి దిర్హమ్‌ను అలా నిలబెడుతున్నదెవరు? ఆయిల్ డాలర్లు ఒక కారణం. రెండోది మనవాళ్లు. ఎగుమతులు దెబ్బతింటే ఇండియాలో రూపాయి పడుతుంది, ఆ భారం ధరల రూపంలో అందరి మీదా పడుతుంది. గల్ఫ్‌లో కరెన్సీ పడదు, జీతాలు ఆగుతాయి, మనుషుల్ని విమానం ఎక్కిస్తారు. 2009లో దుబాయిలో నిర్మాణాలు ఆగినప్పుడు, 2015-16లో ఆయిల్ ధర కూలి సౌదీ కంపెనీలు జీతాలు ఎగ్గొట్టినప్పుడు జరిగింది అదే. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ఇళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

రేటు పెరిగితే కలిసొచ్చిందనుకోవడం సహజం. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు చేసి వెళ్లినవాడికి అది నిజంగా ఊరటే. కానీ వెయ్యి దిర్హమ్‌ల జీతం 1990లో ఇంటికి ఐదు వేల లోపే తెచ్చేది, 2025 డిసెంబరులో ఇరవై నాలుగు వేల ఐదు వందలు తెచ్చింది. ఐదు రెట్లు. ఇక్కడ బియ్యం, ఫీజులు, ఇంటి స్థలం ఐదు రెట్లతో ఆగాయా? పైగా రూపాయి పడేకొద్దీ అదే పాత దిర్హమ్‌ల జీతానికి ఒప్పుకునేవాళ్లు దొరుకుతూనే ఉంటారని యజమానికీ తెలుసు.

ఢిల్లీకీ తెలుసు. 2020 సెప్టెంబరులో కొవిడ్ వేళ, మనవాళ్ల ఉద్యోగాలు పోకుండా అంటూ గల్ఫ్ కార్మికుల కనీస వేతన సిఫార్సును, అంటే అక్కడి యజమానులు ఇవ్వాలని తాను చెప్పే కనీస నెల జీతాన్ని, 30 నుంచి 50 శాతం కోసేసింది. యూఏఈకి 200 డాలర్లు, అంటే 734 దిర్హమ్‌లు. తెలంగాణ గల్ఫ్ కార్మిక సంఘాలు హైకోర్టుకెక్కాక, 2021లో వెనక్కి తీసుకుంది. మన రెండు రాష్ట్రాల ఎంపీలు పట్టుబట్టాల్సింది ఆ అంకె మీద. ధరలతో పాటు దాన్ని ఏటా పెంచమని అడిగితే, అందుకు ఏ దేశపు కరెన్సీ కదలాల్సిన అవసరమూ లేదు.