శాలువాలు పక్కన పెట్టి యాంటెన్నా కట్టండి

ఏప్రిల్ 18 దగ్గర పడుతోందంటే మా హ్యామ్ (లైసెన్స్ తీసుకుని సరదాకి సొంత రేడియో స్టేషన్ నడిపే అమెచ్యూర్ రేడియో వాళ్ల) వాట్సాప్ గ్రూపుల్లో హాలు ఎక్కడ, ఫ్లెక్సీ ఎవరు వేయిస్తారు, ముఖ్య అతిథిగా ఎవరిని పిలుద్దాం అని మొదలవుతుంది. 1925లో పారిస్‌లో అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ పుట్టిన రోజు కాబట్టి పండగ చేసుకోవాల్సిందే, నేనేం కాదనను. కానీ పోయినసారి నేను వెళ్లిన కార్యక్రమంలో దీపం వెలిగించడం, ప్రసంగాలు, శాలువాలు అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. స్కూలు నుంచి తీసుకొచ్చిన పిల్లలు ఆకలితో కూర్చున్నారు. బల్ల మీద రేడియో సెట్ పెట్టారు, దానికి యాంటెన్నా లేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి దగ్గరికొచ్చి "అంకుల్, దీంట్లో ఎవరితోనైనా మాట్లాడి చూపిస్తారా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ పిల్ల లైసెన్స్ పరీక్షకి కూర్చునే వయసుదే, 12 ఏళ్లు నిండితే చాలు, మొదటి మెట్టు లైసెన్స్ అయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ (చుక్కలూ గీతల కోడ్) కూడా అక్కర్లేదు. అలాంటి పిల్లని ఖాళీ చేతులతో ఇంటికి పంపాం.

నాకింత బాధ ఎందుకంటే నేను విశాఖలో ఉంటాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పక్క వీధిలో ఉన్న చెల్లెలు ఎలా ఉందో తెలుసుకోవాలంటే పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్లాల్సి వచ్చింది. అప్పుడు నాకు తెలిసిన ఒక క్లబ్ సెట్ బీరువాలో ఉంది, తాళం చెవి ఊళ్లో లేని మనిషి దగ్గర ఉంది, బ్యాటరీ ఛార్జింగ్ పెట్టి ఎన్ని నెలలైందో ఎవరికీ గుర్తులేదు. మేము ఒక తీగ లాగి 7 మెగాహెర్ట్జ్ మీద గొంతు వినిపించేసరికి మర్నాడు సాయంత్రమైంది. లైసెన్సులున్నాయి, సెట్ ఉంది, చేతికి అలవాటే లేదు.

దీనికి పూర్తిగా ఎదురు కథ 2004ది. ఆ డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారు అండమాన్ వెళ్లారు. అక్కడినుంచి హ్యామ్ స్టేషన్ నడపడానికి చాలా ఏళ్ల తర్వాత దొరికిన అనుమతి అది. ప్రపంచం నలుమూలలనుంచి హ్యామ్స్ ఆ అరుదైన కాల్ సైన్‌తో (స్టేషన్‌కి ఇచ్చే పేరు లాంటి గుర్తు) ఒక్కసారి మాట్లాడాలని, మాట్లాడినట్టు రుజువుగా ఇచ్చే క్యూఎస్ఎల్ కార్డు ఒకటి సంపాదించుకోవాలని వరస కట్టారు. బయటివాళ్లకి ఇదంతా పనిలేని సరదాలా కనిపిస్తుంది. డిసెంబర్ 26 ఉదయం సునామీ వచ్చింది. మామూలు సమాచార వ్యవస్థ దెబ్బతిన్న ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లోని ఆ సరదా స్టేషనే మనుషుల క్షేమ సమాచారాలు మోసింది, తర్వాత హ్యామ్స్ కార్ నికోబార్‌కీ వెళ్లారు. అంతకుముందు మూడు వారాలుగా వాళ్లు రాత్రింబవళ్లు సెట్ ముందు కూర్చున్నారు కాబట్టి అది సాధ్యమైంది.

క్లబ్ ఈవెంట్ అంటే నాకు అలా కావాలి. ఉత్తర అమెరికాలో జూన్ నాలుగో వారాంతం ఫీల్డ్ డే చేస్తారు, సెట్లు మోసుకుని పార్కులకీ కొండలకీ వెళ్లి ఒక రోజంతా బ్యాటరీల మీదో జనరేటర్ మీదో నడుపుతారు. మనకి జూన్‌లో ఉరుములు, మెరుపులు, అప్పుడు తీగలు కట్టమని ఎవరికీ చెప్పను. డిసెంబర్‌లో చేద్దాం. 12 వోల్టుల కారు బ్యాటరీ, ఒక సెట్, మధ్యలో వెదురు బొంగుకి వేలాడదీసిన 20 మీటర్ల తీగ, రెండు కొసలూ పిల్లలు పట్టుకుని చెట్లకి కడతారు. మైకు మాత్రం కొత్తగా వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ (రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ వాళ్లకిచ్చేది) వచ్చి, నోరు తెరవడానికి భయపడుతున్నవాళ్ల చేతిలో ఉండాలి. సీనియర్లు, నాతో సహా, పక్కన కూర్చుని లాగ్ (ఎవరితో ఎప్పుడు మాట్లాడామన్న లెక్క) రాయాలి, అంతే.

లైసెన్స్ లేని పిల్లలకీ బోలెడు పని ఉంది. పార్కులో చిన్న ట్రాన్స్‌మిటర్ దాచిపెట్టి ఫాక్స్ హంట్ పెట్టండి, స్టీలు కొలత టేపు ముక్కలతో, ప్లాస్టిక్ పైపుతో వాళ్లే ఒక దిక్కు నుంచి బాగా వినే యాగీ యాంటెన్నా చేసుకుని దాన్ని వెతుక్కుంటారు. అదే యాగీతో అంతరిక్ష కేంద్రం మీదుగా వెళ్లేటప్పుడు 145.800 మెగాహెర్ట్జ్ మీద విననివ్వండి. మహా అయితే పది నిమిషాలు ఉంటుంది, అక్కడి వ్యోమగాములు ప్రతిసారీ మాట్లాడతారని కూడా లేదు, కానీ వచ్చినప్పుడు ఫ్రీక్వెన్సీ కాస్త పైన, వెళ్లేటప్పుడు కాస్త కింద వినిపిస్తుంటే డాప్లర్ అంటే ఏమిటో బోర్డు మీద చెప్పక్కర్లేదు. 2025 జులైలో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడినుంచి బెంగళూరులోని ఇస్రో కేంద్రంతో మాట్లాడింది హ్యామ్ రేడియో మీదే. మన శ్రీహరికోట నుంచి 2005 మే 5న హ్యామ్స్ కోసం హ్యామ్‌శాట్ అనే ఉపగ్రహాన్నే ఎగరేశారు, 2014 దాకా పనిచేసింది, మన స్కూళ్లలో ఎంతమందికి చెప్పాం?

ఆగస్టులో లైట్‌హౌస్‌ల దగ్గర హ్యామ్ స్టేషన్లు పెట్టే లైట్‌హౌస్ వీకెండ్ ఉంటుంది, మనకి డాల్ఫిన్స్ నోస్ ఉంది, కళింగపట్నం ఉంది, కాకినాడ వాకలపూడి ఉంది. ప్రత్యేక సందర్భాలకి ఇచ్చే స్పెషల్ కాల్ సైన్‌కి అర్జీ పెట్టేవాళ్లని కూడా ఒకటి అడుగుతాను: ఒక్కరే ఇంట్లో కూర్చుని వేల కాంటాక్టులు చేసి ఈ-సర్టిఫికెట్లు పంచితే క్లబ్‌కి ఏం మిగిలింది? షిఫ్టులు వేయండి, ప్రతి షిఫ్టులో ఒక కొత్త మనిషిని పెట్టండి.

బెంగాల్ హ్యామ్స్ గంగాసాగర్ మేళాలో తప్పిపోయినవాళ్లని ఇళ్లకి చేరుస్తున్నారు. మనకి 2027లో గోదావరి పుష్కరాలు. ఆ రద్దీలో ఒక ముసలమ్మ పేరూ ఊరూ ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కి తప్పుల్లేకుండా చేరవేయగలవాళ్లు మనలో ఎంతమంది? ఆదివారం నెట్‌కి (అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసే రేడియో సమావేశానికి) హాజరు పలకడానికి కూడా బద్ధకిస్తే అది రాదు.

నేను డిసెంబర్ రెండో ఆదివారం పొద్దున్న ఆరింటికి బ్యాటరీ, తీగ, బొంగు పట్టుకుని భీమిలి వైపు వెళ్తున్నాను. ఫ్లెక్సీ లేదు, ఉప్మా ఉంది. కొత్త కాల్ సైన్ వచ్చినవాళ్లు, పిల్లలున్నవాళ్లు కామెంట్‌లో చెప్పండి. ఆ స్కూలు టీచర్‌గారికీ ఫోన్ చేశాను, ఆ అమ్మాయి వస్తానందట. అందరికీ సెవెంటీ త్రీ, అంటే హ్యామ్ భాషలో శుభాకాంక్షలు.