చైన్ సాకి బ్లాక్ ఆయిల్ పోయమంటున్న ఆ మెసేజ్ నమ్మకండి

చెట్లు కొట్టే పనిలో ఉన్నవాళ్ళందరి ఫోన్లలో ఈ మధ్య ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది, "చైన్ సా ఖర్చు సగానికి తగ్గించే చిట్కాలు" అని. చైన్ తిరిగే పొడుగాటి ఇనప పట్టీ, అంటే బార్, దానికి పోసే బార్ ఆయిల్ దండగ, బండ్లలో తీసేసిన పాత ఇంజినాయిల్, అదే బ్లాక్ ఆయిల్, పోయండి అంట. పెట్రోల్‌లో కలిపే టూటీ ఆయిల్ ఎంత ఎక్కువ కలిపితే ఇంజిన్‌కి అంత మంచిదంట. కార్బొరేటర్ స్క్రూ బిగించేస్తే పెట్రోల్ మిగులుద్దంట. చైన్ పళ్ళ ముందుండే రేకర్లు మొత్తం అరగదీస్తే డబుల్ స్పీడ్‌లో కోస్తదంట, చైన్ తీగలాగా బిగించాలంట, ముందున్న గార్డు చెట్టు మీద అడ్డం కాబట్టి పీకేయాలంట. నాకే ఆరుగురు పంపారు, అందులో ఇద్దరు ఈ మధ్యే పని మొదలెట్టిన కుర్రాళ్ళు, అందుకే కూర్చుని రాస్తున్నా. విశాఖలో పదిహేనేళ్ళుగా చెట్లెక్కి కొమ్మలు కోస్తున్నా, నా మిషన్లు నేనే బాగుచేసుకుంటా, చుట్టుపక్కల వాళ్ళవీ చేస్తా.

ముందు బ్లాక్ ఆయిల్ సంగతి. ఇది నేను కూడా చేసిన తప్పు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్ళో ఎక్కడ చూసినా చెట్లు రోడ్డుకడ్డంగా పడిపోయి ఉన్నప్పుడు తెల్లారిందగ్గర్నుంచి చీకటిపడేదాకా కోస్తూనే ఉన్నాం, బార్ ఆయిల్ అయిపోయింది, షాపులు మూసేశారు, ఒక మెకానిక్ షెడ్డులో డబ్బాడు పాత ఆయిల్ ఇస్తే పోసేశా. మూడో రోజుకి బార్ అంచులు కాలి నీలం రంగు తిరిగాయి, విప్పి చూస్తే గాడి నిండా నల్లటి ముద్ద, పొట్టూ మసీ కలిసి గట్టిపడి, ఆయిల్ వచ్చే చిన్న రంధ్రం పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఆయిల్ పంపు కూడా పోయింది. బార్ ఆయిల్‌కి జిగట ఉంటది, చైన్ అంత స్పీడుగా తిరుగుతున్నా అంటుకుని బార్ చివరిదాకా పోద్ది. పాత ఇంజినాయిల్‌కి ఆ జిగట లేదు, పైగా అందులో అరిగిన ఇనప రజను ఉంటది, దాన్ని గాడిలో పోయడమంటే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ఇంకోటి, అది మన చేతుల మీదా మొహం మీదా చిమ్ముద్ది. పాత ఆయిల్ పదే పదే చర్మానికి తగిలితే క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉందని మాన్యువల్స్‌లోనే రాసి ఉంటది, ఎవరూ చదవరు. బార్ ఆయిల్ దొరకని రోజు కొత్త ఇంజినాయిల్, ఎస్ఏఈ 30 లాంటిది పోసుకోండి, తాత్కాలికంగా నడుస్తది. ఆయిల్ వస్తుందో లేదో చూడాలంటే బార్ కొసని ఒక అట్టముక్కకి జానెడు దూరంలో తగలకుండా పట్టుకుని రేజ్ ఇవ్వండి, అట్ట మీద సన్నగా నూనె గీత పడాలి. పెట్రోల్ ట్యాంకు ఖాళీ అయినా ఆయిల్ ట్యాంకు నిండుగానే ఉందంటే అది పొదుపు అనుకోకండి, ఆయిల్ చైన్‌కి పోవట్లేదు.

టూటీ ఎక్కువైతే మంచిదన్న మాట పాత స్కూటర్ల రోజుల్నుంచి పట్టుకొచ్చారు. మంచి టూటీ ఆయిల్‌కి 50కి 1 అని రాసి ఉంటే లీటరు పెట్రోల్‌కి 20 ఎంఎల్, 25కి 1 అంటే 40 ఎంఎల్, అంతే. చిన్న కొలత సీసా పెట్టుకోండి, మూతలతో అంచనా వేయకండి. ఎక్కువ పోస్తే ప్లగ్ నల్లబడుద్ది, సైలెన్సర్ జాలీ మసితో మూసుకుపోద్ది, మిషన్‌కి దమ్ము తగ్గుద్ది, అప్పుడు కార్బొరేటర్ పోయిందనుకుని దాన్ని కెలుకుతారు. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ వస్తోంది, చాలా మిషన్ల మాన్యువల్స్‌లో 10 శాతం వరకే అని ఉంటది, ఇథనాల్ గాల్లోని తేమ లాగేసుకుంటది కాబట్టి కలిపిన పెట్రోల్ నెలలు తరబడి క్యాన్‌లో ఉంచకండి. వానాకాలంలో పని లేక మూలన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, దానంతటది ఆగిపోయేదాకా నడిపి అప్పుడు పెట్టండి, లేకపోతే కార్బొరేటర్ లోపలుండే పల్చటి పొర, డయాఫ్రమ్ అంటారు, అది బిరుసెక్కి మళ్ళీ తీసినప్పుడు తాడు లాగి లాగి భుజం పోద్ది.

స్క్రూ బిగించి పెట్రోల్ మిగిల్చడం అన్నదానికి నా దగ్గరికొచ్చిన మిషన్లే సాక్ష్యం. టూ స్ట్రోక్ ఇంజిన్‌కి పెట్రోల్ తగ్గించారంటే దాంతోపాటు వచ్చే ఆయిల్ కూడా తగ్గించినట్టే, లోపల పిస్టన్‌కి తడి అందేది దాన్నుంచే కదా. అలా చేసిన మిషన్ మొదట భలే కూస్తది, కుర్రాళ్ళకి ఆ సౌండ్ నచ్చుద్ది, పికప్ పెరిగింది అనుకుంటారు. మొన్నీమధ్య ఒకబ్బాయి తెచ్చాడు, తాడు లాగితే చేతికి బరువే తగల్లేదు, కంప్రెషన్ లేదన్నమాట. సైలెన్సర్ విప్పి ఆ కంతలోంచి టార్చ్ కొట్టి చూపించా, పిస్టన్ మీద సైలెన్సర్ వైపు నిలువునా గోళ్ళతో గీరినట్టు గీతలు. పిస్టన్, సిలిండర్ రెండూ మార్చాల్సొచ్చింది, పాపం ఆ నెల కూలి డబ్బులన్నీ దానికే పోయాయి. సరిగ్గా సెట్ చేసిన మిషన్ ఖాళీగా ఫుల్ రేజ్‌లో ఉన్నప్పుడు కాస్త గరగరమంటది, కొమ్మలో పెట్టగానే ఆ గరగర పోయి శుభ్రంగా లాగుద్ది. ఆ తేడా చెవికి పట్టేదాకా ఆ స్క్రూ జోలికెళ్ళకండి, తెలిసినవాడితో చేయించుకోండి. రేజ్ ఇవ్వకుండా ఊరికే నడుస్తున్నప్పుడు, అంటే ఐడిల్‌లో, చైన్ కదలకూడదు, అదొక్కటి మాత్రం ఎవరైనా చూసుకోవచ్చు. కదులుతుంటే ఐడిల్ తగ్గించండి, అయినా ఆగకపోతే క్లచ్ స్ప్రింగ్ చూడండి.

ఇక రేకర్లు. పన్ను ముందు చిన్న మూపురంలా ఉంటదే అదే రేకర్, పన్ను ఒక్క దెబ్బకి ఎంత లోతు తినాలో చెప్పేది అది. మనం ఎక్కువగా వాడే చైన్లకి పన్ను కంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉంటే చాలు. మొత్తం అరగదీస్తే పన్ను కొయ్యని ఒక్కసారి కొరికి పట్టేసుకుంటది, మిషన్ గుంజుద్ది, క్లచ్ మీద భారం పడుద్ది, బార్ ముక్కు తగిలిందంటే వెనక్కి తన్నే తన్ను ఇంకా గట్టిగా ఉంటది. నేల మీద ఉన్నోడు ఎలాగో తట్టుకుంటాడేమో గానీ ముప్పై అడుగుల పైన కొమ్మకి బెల్టు కట్టుకుని ఒంగి కోసేవాడు ఎటు తప్పుకుంటాడు?

స్పీడు కావాలంటే పదును పెట్టండి, రేకర్ కాదు. పొట్టు పిండిలా రాలుతుంటే పదును పోయినట్టు, చిన్న చిన్న చెక్కుల్లా రాలితే బాగున్నట్టు. గుండ్రటి ఆకురాయి సైజు చైన్‌ని బట్టి ఉంటది, చిన్న మిషన్ల సన్న చైన్, పికో అంటారు, దానికి 4 మిల్లీమీటర్లు, చైన్ సైజు అంగుళాల్లో .325 అయితే 4.8, పెద్ద 3/8 అయితే కంపెనీని బట్టి 5.2 గానీ 5.5 గానీ. లోపల్నించి బయటకి తోయాలి, వెనక్కొచ్చేటప్పుడు ఎత్తెయ్యాలి, చాలా చైన్లకి 30 డిగ్రీలు, పన్ను నెత్తిన గీత ఉంటే దాన్నే పట్టుకోండి. పోయిన వేసవిలో రోడ్డు పక్క వేపచెట్టు కోస్తుంటే లోపల మేకు తగిలింది, ట్యూషన్ బోర్డు కోసం ఎప్పుడో కొట్టింది, చెట్టు దాన్ని మింగేసి పైన బెరడు కమ్మేసింది. ఒక వైపు పళ్ళు నాలుగు పోయాయి. నాతో ఉన్నతను ఆ నాలుగూ గీకి వదిలేద్దామన్నాడు, వద్దన్నా, అన్నిటికంటే పొట్టిగా అరిగిన పన్ను చూసి రెండు వైపులా మిగతావన్నీ దాని పొడవుకే తెచ్చా. అలా చేయకపోతే కోత ఒక పక్కకి వంకర పోద్ది, బార్ అరిగిపోద్ది. రెండు మూడు సార్లు పదును పెట్టాక ఎత్తు కొలిచే గేజి పెట్టి రేకర్‌ని ఫ్లాట్ ఆకురాయితో ఒకటి రెండు గీట్లు గీస్తే సరిపోద్ది. పదును పెట్టినప్పుడల్లా బార్ తిరగేసి బిగించండి, రెండు అంచులూ సమానంగా అరుగుతాయి.

చైన్ బిగువు గురించి రెండు ముక్కలు చాలు. బార్ కింద వేలాడకూడదు, బ్రేక్ వదిలి చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. వేడికి సాగుద్ది కాబట్టి మధ్యలో బిగిస్తాం, పని అయ్యాక మర్చిపోకుండా వదులు చేయాలి, అలాగే వదిలేస్తే చల్లారి ముడుచుకుని క్రాంక్ బేరింగులని లాగేస్తది.

చివరిది గార్డు, నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. అది చేతికి అడ్డం పెట్టిన ప్లాస్టిక్ ముక్క కాదు, అదే చైన్ బ్రేక్ లివర్. బార్ ముక్కు పైభాగం ఏదైనా కొమ్మకి తగిలితే మిషన్ రెప్పపాటులో మొహం మీదకి లేస్తది, మణికట్టు ఆ గార్డుకి తగలడం వల్లో ఆ కుదుపు వల్లో బ్రేక్ పడి చైన్ ఆగుద్ది. పీకేస్తే ఆపేది ఏదీ లేదు. ఉన్నవాళ్ళు కూడా పొద్దున్నే పని మొదలెట్టే ముందు మిషన్ నేల మీద పెట్టి, గట్టిగా అదిమి పట్టుకుని, బ్రేక్ వేసి రెండు సెకన్లు ఫుల్ రేజ్ ఇవ్వండి, చైన్ కదలకూడదు. కదిలితే కవర్ విప్పండి, చాలాసార్లు ఆయిల్‌తో కలిసిన పొట్టు క్లచ్ డ్రమ్ముని పట్టి ఆపే బ్రేక్ బ్యాండ్ చుట్టూ పేరుకుపోయి ఉంటది, శుభ్రం చేస్తే పట్టుద్ది, బ్యాండ్ అరిగిపోతే మార్చాల్సిందే. గార్డు లేని మిషన్ ఎవరు తెచ్చినా ముందు గార్డు బిగించాకే మిగతా రిపేరు మొదలెడతా, ఒప్పుకోకపోతే ఆ మిషన్ ముట్టుకోను.