పోటు వేళ చెప్పని తీరం

పల్లె తీరానికి సెలవుల్లో వెళ్లినవారికి పడవ షికారు, లైట్‌హౌస్, సూర్యోదయం చూసే చోటు అంటూ ఎన్నో బోర్డులు కనిపిస్తాయి గానీ, ఆ రోజు పోటు ఎన్ని గంటలకు వస్తుందో చెప్పే చిన్న పలక ఒక్కటీ ఉండకపోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తోంది. చాలా తీరాల్లో పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ఈ రోజు ఉదయం తడి ఇసుక మీద హాయిగా నడిచిన రాళ్ల దారి, వారం తిరిగేసరికి అదే వేళకు నీట మునిగి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనైతే నీరు మరింత పైకి వస్తుంది. మొన్న మేము పిల్లలను ఎత్తుకొని, మోకాలి లోతు నీటిలో, కాలికింది రాయి కనిపించక తడుముకుంటూ ఒడ్డుకు చేరాము. ముందే లెక్కగట్టి ఉంచే ఆ వేళలను రోజూ సుద్దముక్కతో రాసి పెట్టడానికి అంత కష్టమేముంది?