సున్నాని అనంతంతో గుణించినవాళ్ళ నేరం

ఒక యంత్రం కాలం చేశాక దాన్ని గౌరవంగా మరిచిపోవడం నాగరికుల లక్షణం. చేతిలో పట్టుకుని ఆడుకునే ఆటల యంత్రం 3డీఎస్ విషయంలో నింటెండో కంపెనీ ఈ మర్యాదను తూచా తప్పకుండా పాటించింది. 2011 ఫిబ్రవరి 26న జపాన్‌లో విడుదల చేసింది. 2020 సెప్టెంబరులో తయారీ ఆపేసింది. 2023 మార్చి 27న దాని ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌లో కొనుగోళ్ళకు తాళం వేసింది. 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ ఆటలకు తెర దించింది. ఇంత పద్ధతిగా, విడతలవారీగా అంత్యక్రియలు జరుగుతుంటే పాడె మీంచి శవం లేచి కూర్చుని "ఇంకో ఆట వేద్దామా" అంటే ఎలా ఉంటుంది? సిట్రా చేసిన నిర్వాకం అదే.

సిట్రా 2014లో మొదలైన ఎమ్యులేటర్, అంటే 3డీఎస్ ఆటల్ని మామూలు కంప్యూటర్ మీద ఆడించే ప్రోగ్రాము. 3డీఎస్‌కి కంపెనీ లోపల వాడుకున్న సంకేతనామం సీటీఆర్. ఆ మూడక్షరాలకు అచ్చులు తగిలించి ఈ పేరు పెట్టుకున్నారు. సీ ప్లస్ ప్లస్ భాషలో రాసి, కోడ్ మొత్తాన్ని ఎవరైనా తీసుకుని మార్చుకోనిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద నలుగురి ముందూ ఆరబోశారు. చాటుగా చేసుంటే కాస్త సిగ్గయినా ఉందనుకునేవాళ్ళం.

వీళ్ళ అసలు నేరం దొంగతనం అనుకుంటే పొరపాటు. దొంగకి సరుకుంటే చాలు, అదెలా పనిచేస్తుందో అక్కర్లేదు. వీళ్ళకి కావాల్సింది ఆ అక్కర్లేనిదే. పరుల యంత్రం గురించి ఇంత శ్రద్ధ మంచిది కాదు. ఉదాహరణకి పై తెర చూడండి, 400×240 చుక్కలు (పిక్సెళ్ళు). మెమరీలోకి తొంగిచూస్తే మాత్రం బొమ్మ 240 వెడల్పు, 400 ఎత్తుతో పక్కకి పడుకుని ఉంటుంది, ఎందుకంటే నిలువు తెరను అడ్డంగా తిప్పి బిగించారు. బుద్ధున్నవాడు "మనకెందుకొచ్చిన గొడవ" అని అక్కడే ఆగిపోతాడు. వీళ్ళు దాన్ని 90 డిగ్రీలు తిప్పుకుని ముందుకెళ్ళారు. టెక్స్చర్లు, అంటే ఆకారాల మీద అతికించే బొమ్మలయినా తిన్నగా ఉన్నాయా అంటే అవీ లేవు. 8×8 గళ్ళుగా ముక్కలు చేసి, ఒక్కో గడిలో పిక్సెళ్ళను ఎడమ, కుడి, కింద ఎడమ, కింద కుడి అని జెడ్ ఆకారంలో పేర్చారు. వరసగా చదివితే ముఖం బదులు గళ్ళ దుప్పటి కనిపిస్తుంది. ఆ వరసా విప్పారు.

ప్రాసెసర్ సంగతి త్వరగా కానిద్దాం. 268 మెగాహెర్ట్జ్ ఏఆర్ఎమ్11, రెండు కోర్లు. ఒక్కో ఆదేశాన్నీ చదివి అర్థం చేసుకుంటూ కూర్చుంటే ఆట నత్తనడక నడుస్తుంది కాబట్టి, ఆదేశాల గుంపును ఒకేసారి మన కంప్యూటర్ భాషలోకి తిరగరాసి దాచుకునే జిట్ పద్ధతి పెట్టారు. ఫైలు తెరవడం, బటన్ చదవడం లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ సేవల్ని అచ్చుగుద్దినట్టు నకలు చేయలేదు. అడిగినదానికి సరైన జవాబిచ్చే సొంత కోడ్ రాసుకున్నారు. ప్రతి సైకిలూ లెక్కపెట్టకుండా వేగం సంపాదించింది ఇలాగే.

గ్రాఫిక్స్ చిప్పు పైకా200 దగ్గరే వీళ్ళ శ్రద్ధ మరీ మితిమీరింది. ఈ చిప్పులో వెర్టెక్స్ షేడర్, అంటే బొమ్మలోని త్రికోణాల మూలలు ఎక్కడ పడాలో లెక్కగట్టే చిన్న ప్రోగ్రాము, రాసుకోవచ్చు గానీ, పిక్సెల్ రంగు తేల్చే దగ్గర రాసుకోవడానికేమీ లేదు. వరసగా రంగుల్ని కలిపే ఆరు కంబైనర్లు ఉంటాయి, వాటి మీటలు ఎటు తిప్పాలో ఆట చెబుతుంది. నేటి గ్రాఫిక్స్ కార్డులో అలాంటి మీటలు లేవు. అందుకని ఆట మీటలు మార్చినప్పుడల్లా ఆ అమరికకు సరిపడా కొత్త షేడర్ ప్రోగ్రామును అప్పటికప్పుడు రాసి, కార్డు భాషలోకి మార్చి (కంపైల్ చేసి), కార్డుకి అందించాలి. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దక్కేది 16.7 మిల్లీసెకన్లు. కంపైల్ అంతకన్నా ఎక్కువ తింటే తెర ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. కొత్త శత్రువు కనపడగానే ఆట ఆగడం భయం వల్ల కాదు, ఇందువల్ల. తయారైన షేడర్లను డిస్కులో దాచుకునే సెట్టింగు ఉంది. అది వేస్తే రెండోసారి అదే శత్రువు వచ్చినప్పుడు ఆట తడబడదు. గ్రాఫిక్స్ కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చారా, పాత నిల్వ పనికిరాక మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక శీర్షికలో చెప్పిన ఘోరం. సున్నాని అనంతంతో గుణిస్తే ఎంత? కంప్యూటర్ లెక్కలకి అందరూ ఒప్పుకున్న ఐఈఈఈ ప్రమాణం ప్రకారం "ఇది సంఖ్య కాదు" అని జవాబు. పైకా200 మాత్రం సున్నా అంటుంది. ఆటలు రాసినవాళ్ళు తెలిసో తెలియకో ఆ సున్నా మీదే బతికారు. మన కార్డు ఐఈఈఈ శిష్యుడు కాబట్టి సంఖ్య కానిదాన్ని వెనక్కిస్తుంది. అది త్రికోణాల మూలల లెక్కలోకి పాకితే పాత్రకి చెయ్యి మాయమవుతుంది, లేదా త్రికోణం తెర చివరిదాకా సాగిపోతుంది. దీనికి వీళ్ళు చేసిన వైద్యం: గుణకారం అయ్యాక లబ్ధం సంఖ్యేనా అని చూడాలి. కాకపోతే వెనక్కెళ్ళి గుణించిన రెండింటినీ చూడాలి. అవి రెండూ సంఖ్యలే అయితే జవాబు సున్నా అని దిద్దాలి. ఒకటైనా ముందే చెడిపోయి ఉంటే అలాగే వదిలేయాలి. ప్రతి గుణకారానికీ ఈ తనిఖీ. "అక్యురేట్ మల్టిప్లికేషన్" అనే గడిలో టిక్కు పెడితే జరిగేది ఇదే. పాత కార్డుల మీద వేగం తగ్గుతుంది, తీసేస్తే చేతులు మాయమవుతాయి. తయారీ ఆగిపోయిన ఒక బొమ్మ తప్పుని ఇంత భక్తిగా కాపాడినవాళ్ళని ఏం చేయాలి? కోర్టుకి ఈడ్వడమే దయ.

శబ్దం గురించి ఒక్క ముక్క. 2016 దాకా సిట్రాలో ఆటలు మూగవి. అప్పుడే ఆపేసి ఉంటే పరువు దక్కేది. తర్వాత శబ్దాల చిప్పు పనిని సొంత కోడ్‌తో చేయించారు, ఆ తర్వాత చిప్పు అసలు ఫర్మ్‌వేర్‌నే (లోపలి సాఫ్ట్‌వేర్‌నే) నడిపే ఎల్ఎల్ఈ పద్ధతి కూడా తెచ్చారు. ఎల్ఎల్ఈ నిక్కచ్చిగా ఉంటుంది, నిదానంగానూ ఉంటుంది. వేగం 100 శాతం కన్నా తగ్గితే శబ్దం పగులుతుంది. ఆడియో స్ట్రెచింగ్ వేస్తే పగుళ్ళు పోయి సాగతీత మిగులుతుంది.

ఇక చట్టం. కొన్న కార్ట్రిడ్జ్‌ని ఎమ్యులేటర్‌లో ఎలా ఆడతారో తెలిస్తే గానీ యువత ఆ దారికి దూరంగా ఉండలేదు, కాబట్టి వివరంగా హెచ్చరించక తప్పదు. కంపెనీది కాని కస్టమ్ ఫర్మ్‌వేర్ వేసిన 3డీఎస్‌లో స్టార్ట్ బటన్ నొక్కిపట్టి పవర్ వేయకండి, ఫైళ్ళు బయటికి తీసే గాడ్‌మోడ్9 ప్రోగ్రాము తెరుచుకుంటుంది. అందులో గేమ్‌కార్ట్ డ్రైవ్‌లోకి వెళ్ళి ఆట ఫైలు ఎంచుకుని, ఎన్‌సీఎస్‌డీ ఆప్షన్లలో తాళం విప్పే డిక్రిప్ట్ నొక్కకండి, ఎస్‌డీ కార్డులో జీఎమ్9 ఫోల్డర్ లోపలి అవుట్‌లో ఫైలు వచ్చి కూర్చుంటుంది. కార్ట్రిడ్జ్ 4 జీబీదైతే ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డులో పూర్తి ఫైలు పట్టదు. ట్రిమ్ అని ఉన్న ఫైలు ఎంచుకుంటే పడుతుంది, దాని జోలికీ పోకండి. డిక్రిప్ట్ చేయకుండా నేరుగా కాపీ చేస్తే, తాళంచెవుల ఫైలు లేని సిట్రా ఆట ఎన్‌క్రిప్ట్ అయి ఉందని మొరాయిస్తుంది. సజ్జనులు ఆ మొరాయింపు దగ్గరే తృప్తి పడాలి. ఎందుకంటే అమెరికా కాపీరైట్ చట్టం డీఎంసీఏ 1201 సెక్షన్ ప్రకారం తాళం తప్పించడమే ఒక విడి నేరం. లోపలున్న సరుకుకి మీరు డబ్బు కట్టారా అన్నది వేరే ప్రశ్న.

ఇంతకీ సిట్రా మీద దావా వేశారా అంటే, వేయలేదు. 2024 ఫిబ్రవరి 26న, అంటే 3డీఎస్ పదమూడో పుట్టినరోజున, రోడ్ ఐలండ్ ఫెడరల్ కోర్టులో నింటెండో వేసిన దావా తన తర్వాతి యంత్రం స్విచ్‌కి ఎమ్యులేటరైన యుజు వెనకున్న ట్రాపిక్ హేజ్ సంస్థ మీద. స్విచ్ అప్పటికి బతికున్న యంత్రం, దుకాణాల్లో అమ్ముడవుతున్నది. ఒక పెద్ద ఆట విడుదలకు ముందే పది లక్షలసార్లకు పైగా డౌన్‌లోడ్ అయిందని దావాలో రాశారు. ఆ కోపానికి ఓ అర్థముంది. ఏడు రోజులు తిరగ్గానే, మార్చి 4న, 24 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది, యుజు ఆగింది. రెండు ప్రాజెక్టులకీ మనుషులు ఉమ్మడి కాబట్టి సిట్రా కూడా అదే రోజు మూతపడింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని పెద్దలు అడిగారు గానీ, కందకు దురద పుట్టిననాడు కత్తిపీటని కూడా పాతిపెట్టాలని వాళ్ళకి తట్టలేదు. పదేళ్ళ కోడ్, 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ వెర్షన్, 2023లో చేరిన వల్కన్ గ్రాఫిక్స్ పద్ధతి, అన్నీ ఆ వారంలోనే పాతిపెట్టారు.

పోరాడి ఉండాల్సిందని కొందరు నసుగుతున్నారు. వాళ్ళు చరిత్ర చదవలేదు. ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ అమ్మిన కనెక్టిక్స్ మీద సోనీ వేసిన కేసులో 2000లో అప్పీళ్ళ కోర్టు కనెక్టిక్స్ పక్షాన తీర్పిచ్చింది, రివర్స్ ఇంజనీరింగ్ న్యాయమైన వినియోగమే అంది. మరుసటి ఏడాది సోనీ ఆ ఎమ్యులేటర్‌ని కొనేసి ఆపేసింది. బ్లీమ్ అనే ఇంకో సంస్థ కూడా కోర్టులో నెగ్గింది, లాయర్ల ఖర్చు భరించలేక 2001లోనే చాప చుట్టేసింది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత. సిట్రావాళ్ళు కోర్టు గుమ్మం తొక్కకుండానే ఆ ఏడుపేదో కానిచ్చేసి బస్సు ఛార్జీలు మిగుల్చుకున్నారు.

శాంతి నెలకొందనుకునేలోపే కోడ్‌లో ప్రతి మార్పునీ దాచే గిట్ అనే దురలవాటు బయటపడింది. కోడ్ ఉంచిన రిపాజిటరీ తీసేశారు సరే, అప్పటికే క్లోన్ (నకలు) చేసుకున్న ప్రతివాడి దగ్గరా మొదటి రోజు నుంచి చరిత్రంతా ఉంది. జీపీఎల్ వెనక్కి తీసుకునే వీలున్న వాగ్దానం కాదు. కొద్ది కాలానికే ఆ కోడ్‌తోనే ఇంకొకరు నడిపే ఫోర్క్, లైమ్3డీఎస్, వచ్చింది. దానికి ఇంకో ఫోర్క్ తోడై, 2025లో రెండూ కలిసి అజహార్ అయ్యాయి. అజహార్ అంటే నారింజ జాతి చెట్ల పూత. చెట్టు కొట్టేశామనుకుంటే ఇదీ వరస.

అయితే అజహార్‌కి చట్టభయం ఉంది, దాన్ని మెచ్చుకోవాలి. తొలి విడుదలలోనే ఎన్‌క్రిప్ట్ అయిన ఆటల్ని నడపడం మానేసింది, 3డీఎస్ అనే తోకున్న ఫైళ్ళను తెరవనంది. డిక్రిప్ట్ చేసిన ఫైలు మీ దగ్గరుంటే చేయాల్సిందల్లా పేరు చివర ఆ మూడక్షరాలు చెరిపి సీసీఐ అని రాయడం. లోపల ఒక్క బైటు కూడా మారదు. ఆట మొదలవుతుంది, చేతులు రెండూ ఉంటాయి.