పరువుకు రేటు కట్టిన తెలుగు

ఎన్నికలున్నా లేకున్నా మన నాయకుల లీగల్ నోటీసులు ఆగవు. ఒకరు వంద కోట్లంటే ఇంకొకరు అంతకు మించి అడుగుతారు. ఆ కేసుల సంగతి నాంపల్లి కోర్టులో లాయర్లు చూసుకుంటారు. నా గొడవల్లా ‘పరువు నష్టం’ అనే మాటతోనే. పంట నష్టం, ఆస్తి నష్టం వరసలో పరువునూ కూర్చోబెట్టేశాం.

పాతబస్తీలో నలుగురి మాటలు వినండి. ‘నన్ను బద్నాం చేసిండు’, ‘ఇజ్జత్ తీసిండు’ అంటారు. బద్ అంటే చెడు, నామ్ అంటే పేరు. రెండూ పారసీ మాటలే. ఇజ్జత్ అరబ్బీది. ఇవి తెలుగెలా అవుతాయని మూతి ముడిచే పండితులున్నారు. దావా, వకీలు కూడా అరబ్బీ నుంచి వచ్చినవే. వాటితో లేని ఇబ్బంది బద్నాంతోనే ఎందుకో!

సరే, ఊళ్లలో నలిగిన మాటే కావాలంటే ‘రచ్చకీడ్చడం’ ఉంది. సంస్కృతంలో రథ్య అంటే రథాలు తిరిగే వీధి. అది ప్రాకృతంలో రచ్ఛా అయి, తెలుగులో రచ్చగా, జనం కూడే చోటుగా స్థిరపడింది. రచ్చబండలో ఉన్నదీ అదే. ఇప్పుడు మనం ‘రోడ్డుకీడ్చాడు’ అంటున్నాం. రథ్య పోయి రోడ్డు వచ్చింది, ఈడ్చడం మాత్రం మారలేదు! గదిలో తిడితే అది తిట్టు. నలుగురిలో అంటేనే పరువు పోతుంది. చట్టం లెక్క కూడా ఇదే. 1860 నాటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 499వ సెక్షన్ అయినా, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ 356 అయినా, నింద మూడో మనిషికి చేరాలంటుంది. ఆ మూడో మనిషే రచ్చ. ఇంగ్లిష్ వాళ్లు నోటితో అంటే స్లాండర్, రాస్తే లైబెల్ అని విడదీశారు. మొదటిదాని వేరు గ్రీకులో ఉచ్చు, రెండోదాని వేరు లాటిన్‌లో చిన్న పుస్తకం. ఐపీసీ ఆ తేడా పెట్టుకోలేదు, రచ్చ కూడా అంతే.

ఇక గుడ్డ కాల్చి మీద వేయడం. వేసినవాడు వెళ్లిపోతాడు, మసి తుడుచుకునే పని మనది. శమంతకమణి కథలో కృష్ణుడికీ తప్పలేదు, అడవులు పట్టి వెళ్లి మణిని తానే వెతికి తెచ్చుకున్నాడు. ‘నష్టం’ అనే మాటలో ఈ తిరుగుడంతా ఎక్కడుంది?

కోర్టుకు లెక్క కావాలి, రచ్చ అని రాస్తే జడ్జి ఎంతని ఇప్పిస్తారు అంటారు లాయర్లు. నిజమే, దావా కాగితంలో ఆ మాట ఉంచుకోండి. పేపర్లకూ టీవీలకూ ఏం ఖర్మ?

డెస్కులో కూర్చుని ఇంగ్లిష్‌కు ముక్కకు ముక్క అతికిస్తే ఏమవుతుందో చూడాలంటే ‘ఆనర్ కిల్లింగ్’కు తెచ్చిన ‘పరువు హత్య’ చూడండి. చచ్చింది పరువా? చంపినవాడు చెప్పుకునే సాకును మనం హెడ్డింగ్ చేసి పెడుతున్నాం. ఆ ఇంటి ముందు గుమిగూడిన వాళ్లను అడగండి, ‘పిల్లను చంపేసిండ్రు’ అంటారు.