తోతాపురి లోడు, నెట్ న్యూట్రాలిటీ

నెట్ న్యూట్రాలిటీ మీద ఢిల్లీలో ఇన్నేళ్లుగా చర్చ నడుస్తున్నా, చిత్తూరు మామిడి రైతును ఒక్కసారి కూడా పిలవలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. నా అర్హత చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను. 2025 సీజన్‌లో మా మామ తోతాపురి లోడుతో పాటు ఒక గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట రెండు రాత్రులు, ఒక పగలు గడిపాను. తోతాపురికి కలెక్టర్ కాయ అని ఇంకో పేరుంది. కలెక్టర్ అయినా క్యూ తప్పలేదు.

మా ముందు ఎన్ని ట్రాక్టర్లున్నాయో లెక్కపెట్టి వస్తానని మామ మొదటి రాత్రి బయల్దేరాడు. నలభై దాటాక ఎవరో టీ ఇచ్చారు, లెక్క తప్పింది, తిరిగొచ్చేశాడు. నేను ఫోన్ తీశాను. రోజుకు 1.5 జీబీ ప్లాను. అది సాయంత్రానికే అయిపోయింది కాబట్టి స్పీడు 64 కేబీపీఎస్‌కి దిగింది. తెర మధ్యలో సున్నా గిర్రున తిరుగుతోంది. మామ కాసేపు దాన్నే చూశాడు.

"ఇదిగూడా క్యూలోనే ఉండాదా?"

"ఉండాది మామా."

"టోకెన్ ఇచ్చినారా?"

ఇంతకంటే మంచి ప్రశ్న నేను ఏ నిపుణుడి నోటా వినలేదు. ఇంటర్నెట్‌లో ఏది పంపినా చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి వెళుతుంది. రద్దీ ఉంటే ప్రతి రూటర్ దగ్గరా ఆగుతుంది. రూటర్ అంటే ప్యాకెట్లను ఎటు పోవాలో అటు పంపే పెట్టె, మన కాటా లాంటిదే అనుకోండి. లోడు ఎవరిదని అడక్కుండా పంపించు, డబ్బిచ్చినవాణ్ని ముందుకు తోయకు, ఇవ్వనివాణ్ని వెనక్కి నెట్టకు అన్నదే మొత్తం గొడవ. దీనికి నెట్ న్యూట్రాలిటీ అని 2003లో పేరు పెట్టింది టిమ్ వూ అనే అమెరికా ప్రొఫెసర్. నా 64 కేబీపీఎస్ మాత్రం దీని కిందికి రాదు. ఏ వెబ్‌సైటు తెరిచినా ఒకేలా ఏడిపిస్తుంది కాబట్టి అది వివక్ష కాదు, ప్లాను.

రెండో రోజు మధ్యాహ్నం ఒక ముసలాయన ట్రాలీ నుంచి రసం కారడం మొదలైంది. ఎవరూ చెప్పకముందే ముందున్నవాళ్లంతా బండ్లు పక్కకు తీసి ఆయనకు దారి ఇచ్చారు. ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ అంటే అసలు ఇదీ. ఫోన్‌లో మాట ఆగితే తెగిపోతుంది, డౌన్‌లోడ్ అయ్యే సినిమా అరగంట ఆగినా చెడిపోదు. అందుకే 2018 జులైలో కేంద్రం నెట్ న్యూట్రాలిటీకి ఒప్పుకుంటూనే, 'సమంజసమైన' ట్రాఫిక్ మేనేజ్‌మెంట్‌కు, కొన్ని ప్రత్యేక సేవలకు మినహాయింపు ఇచ్చింది.

ఆ 'సమంజసం' ఎంత దూరం సాగుతుందో అదే రోజు రాత్రి పన్నెండుకు చూశాను. గేటు తెరుచుకుంది. టోకెన్ లేని లారీలు నాలుగు లోపలికి పోయాయి. కాయలు రాళ్లలా ఉన్నాయి. వాచ్‌మన్‌ను అడిగితే, "అది వేరే లైనప్పా, ముందే మాట్లాడుకున్నారు" అన్నాడు. ప్రత్యేక సేవ అంటే ఏమిటో ఇంత సూటిగా ఏ ప్రభుత్వ కాగితంలోనూ లేదు. ముసలాయన కాయ మెత్తబడింది అందరికీ కనిపించింది. రూటర్ లోపల ఏ కాయ మెత్తబడిందో మనకెవరు చూపిస్తారు? దీని మీద కన్నేసి ఉంచడానికి అందరితో కలిపి ఒక సంఘం పెట్టమని 2020లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసిందని మామకు చెప్పాను.

"ఆ సంఘమోళ్లు రాత్రి పన్నెండుకి గేటు కాడ ఉంటారా?" అన్నాడు.

నేను మాట మార్చి ఫ్రీ బేసిక్స్ కథ ఎత్తుకున్నాను. పేదలకు కొన్ని వెబ్‌సైట్లు ఉచితంగా ఇస్తామని ఫేస్‌బుక్ ముందుకొచ్చింది. బండి బాడుగ మేమే పెట్టుకుంటాం, కాయ మాత్రం మేం చెప్పిన చోటే దించాలి అన్నట్టు. అప్పటికే, 2015లోనే, నెట్ న్యూట్రాలిటీ కావాలంటూ ట్రాయ్‌కి 10 లక్షలకు పైగా మెయిళ్లు పోయాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఒక్కో వెబ్‌సైటుకు ఒక్కో రేటు కుదరదని తేల్చింది, తప్పితే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షలు జరిమానా అంది. మామ ఇది విని ఏమీ అనలేదు. బాడుగ ఉచితం అన్న బండి ఆయన ఇదివరకే ఎక్కినట్టున్నాడు.

ఇప్పుడు టెలికాం కంపెనీల కొత్త కోరిక 'న్యాయమైన వాటా'. పెద్ద పెద్ద వీడియో కంపెనీల వల్లే మా దారులు నిండిపోతున్నాయి, ఖర్చులో వాళ్లూ కొంత పెట్టుకోవాలి అంటున్నాయి. చూసేవాడు డేటాకు డబ్బు కట్టాడు కదా అంటే, కట్టాడు, ఆ లెక్క వేరు. వాటా అన్న మాట వినగానే మామ లేచి కూర్చున్నాడు. ఆ ఏడాది కిలోకి 12 రూపాయలన్నారు, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. వాటాల మీద ఆయన రాత్రంతా మాట్లాడగలడు, మాట్లాడాడు కూడా.

తెల్లవారుజామున కాళ్లు సాగదీద్దామని ప్రహరీ వెంట నడిస్తే, లోపల రెండో కాటా కనిపించింది. దాని మీద గోనెసంచులు ఆరేసి ఉన్నాయి. పాడైందా అని వాచ్‌మన్‌ను అడిగాను. బాగానే ఉంది అన్నాడు. మరి వాడరేం?

"అదీ తెరిస్తే లైనెక్కడుంటాదన్నా? లైనే లేకుంటే మాట్లాడుకునేదానికి ఎవురొస్తారు?"

టెలికాం విధానం మీద ఇంతకు మించి నేను చేర్చగలిగింది లేదు. ఫాస్ట్ లేన్ అమ్మాలనుకునేవాడికి రోడ్డు వెడల్పు చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఒకసారి ఆ గోనెసంచులు చూసి రావాలి.

పొద్దున ఎనిమిదికి మా వంతు వచ్చింది. కాటా ఎక్కాక సూపర్‌వైజర్ ఒక కాయను బొటనవేలితో నొక్కి చూశాడు. "మెత్తబడిపోయింది గదా పెద్దాయనా" అని తరుగు రాశాడు. పక్కకు తీసిన కాయలు నేల మీద ఒక కుప్పయ్యాయి. రద్దీ మితిమీరితే రూటర్ కూడా ప్యాకెట్లను ఇలాగే పడేస్తుంది, కానీ ఏం ఫర్వాలేదు, పంపిన కంప్యూటర్ వెంటనే మళ్లీ పంపేస్తుంది అని మామకు వివరించాను. మామ ఆ కుప్ప వైపు చూశాడు. ఆయన మళ్లీ పంపాలంటే వచ్చే జూన్ దాకా ఆగాలి.